కంబోడియాలో అతిథి ధర్మము

అతిథి నెట్లాదరింపవలెనో మన యిండ్లలో చిన్ననాఁటనే నేర్పుదురు. అతిథిగా పోయినవాఁడెట్లు మెలఁగవలెనను పాఠము మాత్రము నాకు, బడిపంతులుగా విరమించి అఱువదియేండ్లు దాఁటిన పిదప, కంబోడియా దేశమున అబ్బినది.

రెండవ సూర్యవర్మ పండ్రెండవ శతాబ్దమున విష్ణువునకై కట్టించిన అంకోర్ వాట్ ఆలయమును చూడవలెనని పోయితిని. అచ్చటి సముద్రమథన శిల్పము ముందు ఒక పూఁట నిలిచితిని. ఆ దేశభాషలో ఉపాధ్యాయుని 'క్రూ' అందురు. అది మన గురుశబ్దమే. బడిని 'సాలా' అందురు, అది శాలాశబ్దమే. ఇది నా యిల్లే యనుకొంటిని. తెలియని చోట మనిషి జాగ్రత్తగా నుండును. తెలిసినదనుకొన్న చోటనే నోరు జాఱును.

రాజధానియగు ఫ్నోమ్ పెన్‌లో టువోల్ స్లెంగ్ అను స్థలము కలదు. అది యొకప్పుడు ఉన్నత పాఠశాల. 1975 ఏప్రిల్ 17వ తేదీన ఖ్మేర్ రూజ్ దళములు నగరమును పట్టుకొని జనులను పల్లెలకు తఱిమివేసినవి. 1979 జనవరిలో వియత్నాం సేనలు వచ్చువఱకు సాగిన ఆ పాలనలో ఆకలిచేతను, రోగములచేతను, హత్యలచేతను సుమారు 17 లక్షలమంది మడిసిరని అంచనా. చదువుకొన్నవారు, అందును ఉపాధ్యాయులు, వారి కంటికి శత్రువులైరి. ఈ బడిని చెఱసాల చేసి, తరగతి గదులలో ఇటుకగోడలు పెట్టి, మనిషి పండుకొనుటకు చాలీచాలని కొట్లు కట్టిరి. పిల్లలు వ్యాయామము చేసిన దూలమే చిత్రహింసకు సాధనమైనది. ఇచ్చటి బందీలలో చంపఁబడినవారు 12 వేలకు తక్కువ కారని 2010లో న్యాయస్థానము తీర్పు చెప్పినది.

నన్ను బండిలో తీసికొనిపోయిన ఆయన నా యీడువాఁడు. ఉభయులకు వచ్చిన కొలఁదిపాటి ఇంగ్లీషులో, "మీ యింట ఎందఱు పోయిరి?" అని, తరగతిలో ఎక్కము అడిగినట్లు, అడిగితిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. "మా తండ్రి క్రూ" అని మాత్రము చెప్పి, ఆవరణలోని చెట్టుక్రిందికి పోయి కూర్చుండెను.

నాకు సిగ్గు కలిగినది. ప్రక్కకు పోయి చేతులు జోడించితిని. వారి వందనమును అదియే. ఆయనయు జోడించెను. మఱునాఁడు తానుగా కొంత చెప్పెను. అది నాకు చెప్పినది, ఇచ్చట చెప్పను.

ఆ దేశమునకు పోవువారికి నా మనవి యిది. అట్టి స్థలములలో ఒడలు కప్పు వస్త్రములతో, మెల్లని మాటతో మెలఁగుఁడు. నవ్వుచు ఫొటోలు తీయించుకొనకుఁడు. చోయుంగ్ ఎక్ వధ్యభూమిలో వానలు కురిసిన పిదప ఎముకలు, బట్టపీలికలు నేఁటికిని పైకి తేలుచుండును. దారి విడువకుఁడు, దేనిని తాఁకకుఁడు. పల్లెలలో నడచిన బాట తప్పకుఁడు. మందుపాతరల తొలఁగింపు ఇంకను ముగియలేదు. గాయమునే చూచి మరలకుఁడు. ఆ దేశీయులలో పెక్కుమంది 1979 తరువాత పుట్టినవారు. వారి అంగడులను, పండుగలను, బడులను చూడుఁడు. పెద్దవారి కడ ప్రశ్నతో ఆరంభింపకుఁడు. ప్రక్కన కూర్చుండుఁడు, చెప్పిన వినుఁడు, చెప్పకున్న ఊరకుండుఁడు.

ఏండ్ల తరబడి ప్రశ్నలడిగి బ్రతికినవాఁడను. ఈ పాఠము నాకు ఆలస్యముగా వచ్చినది. మీకు ముందే అందవలెనని ఈ నాలుగు మాటలు.