మగ్గం మీద జపాను టాకా
(వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, పెద్దలకు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వచ్చిన సోదర సోదరీమణులకు అస్సలాము అలైకుమ్.

మేము మాట్లాడేది సాషికో గురించి. పేరు కొత్తదే గాని పని మనకు తెలియంది కాదు. మన ఇండ్లల్ల నానీ, దాదీలు పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుట్టేవారు గదా, ఆ టాకాలే ఇవి. జపాను ఉత్తరాన చలికి పత్తి పండదు. అందుకని అక్కడి రైతు కుటుంబాల ఆడవాళ్లు చినిగిన నీలిబట్టనే పొరలు వేసి, తెల్లదారంతో టాకాలు వేసి గట్టి చేసుకునేవారు. సాషికో అంటే చిన్న చిన్న పోట్లు. గతిలేక వేసిన టాకాలే రాను రాను ముగ్గులైనవి.

చేత్తో కుడితే గజం బట్టకే రోజులు పడతాయి. జపానువాళ్లే ఆ పోలికను మగ్గం మీదికి తెచ్చారు. జూడో ఆటగాళ్లు తొడిగే మందపాటి కోటు గుడ్డ అట్లా నేసిందే. మేము నేర్చుకుంటున్నది ఆ నేత.

నేల బట్ట సన్నని నీలి నూలుతో సాదా నేత. రెండుసార్లు మామూలు నాడె విసిరి, మూడోసారి లావు తెల్లదారం పంపాలి. అది నాలుగు పడుగు పోగుల మీదుగా పోయి రెండింటి కింద దాగితే పైన ఒక టాకా, ఒక సందు. దారం దాగాల్సిన చోటనే పోగులు లేవాలి, కనిపించాల్సిన చోట కిందనే ఉండాలి. పుల్లతో ఏరేటప్పుడు ఈ తిరకాసు చేతికి రావడమే కష్టం! టాకా మరీ పొడుగైతే గాజులకు తట్టుకుంటది. నిలువు టాకాలు కావాలంటే పడుగులోనే తెల్ల పోగులు అదనంగా పోయాలి.

ఇది నకలు పని కాదా అని కొందరు పెద్దలు అడిగారు. హిమ్రూ కూడా కింఖాబుకు పోలికగా పుట్టిన బట్టే. హైదరాబాదులో సురయ్యా హసన్ బోస్ గారు (2021లో కాలం చేశారు) ఆ హిమ్రూను నిలబెట్టి, భర్త పోయిన స్త్రీలకు మగ్గం నేర్పారు. మా మాట ఒక్కటే. నేసింది నేసిందనే అమ్మాలి. చేతికుట్టని చెప్పి ధర పెంచితే సూది పట్టినవాళ్ల కూలి మనం తిన్నట్టే.

నేర్పేవారికి కొదువ లేదు. ఈ మూడు పట్టణాలూ 2016 దాకా వరంగల్ జిల్లాలోనివే. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జనగామ వైపు కొడకండ్లలో నేతన్నలున్నారు. కొదువ ఉన్నది నేర్చుకునేవారికి. మిషన్ కుట్టో, కూలో మానుకొని నెలల తరబడి మగ్గం ముందు కూర్చుంటే పొయ్యి ఎట్లా వెలుగుతది? మన సొసైటీ ఏటా కుట్టుమిషన్లు ఇస్తున్నది, మంచిదే. ఈ ఏడు వాటిల్లో కొన్ని తగ్గించి, నేర్చుకునే ఆడవాళ్లకు నెలకింత అని భత్యం ఇవ్వమని మా మనవి. మిషన్ కోసం పేరు రాయించుకున్న అక్కచెల్లెళ్లకు ఇది నచ్చకపోవచ్చు. వారున్నప్పుడే చర్చ జరగాలి, చాటున వద్దు.

నమూనా గుడ్డలు మూడు అక్కడ బల్ల మీద పెట్టినాము. తిరగేసి వెనకవైపు కూడా చూడండి.