పాదు కప్పుదాం, చీనీ చెట్టును కాపాడుకుందాం

(మండల రైతు సంఘం చీనీ రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'చీనీ తోటల్లో కలుపు యాజమాన్యం' మీద మాట్లాడమన్నారు. యాజమాన్యం అనేది ఆఫీసుల్లో పుట్టిన మాట. మన మాటల్లో చెప్పాలంటే, పాదులో గడ్డి ఎట్లా తీయాలి, తీసినాక ఆ నేలను ఎట్లా ఉంచాలి అనేదే. నేను పదో తరగతి వరకు చదివినవాణ్ణి. శాస్త్రవేత్తను కాను. నా రెండెకరాల తోటలో చేసిన తప్పులేమిటో, వాటిని ఎట్లా దిద్దుకున్నానో చెప్తాను. మీ తోటలో అవే తప్పులు జరుగుతుంటే ఇప్పుడే ఆపుకోండి.

ముందు ఒక మాట. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువగా పడుతుంది. మిగతా కాలమంతా బోరు మీదే బతకాలి. బోరు ఎండితే ట్యాంకర్లతో నీళ్ళు పోసి చెట్లు బతికించుకున్నవాళ్ళు, బతికించుకోలేక కట్టెలకు నరికి అమ్మినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. అందుకే మనకు కలుపు సంగతి, నీళ్ళ సంగతి వేరువేరు కావు.

నా తోటలో జరిగింది

అటు ఇరవై అడుగులు, ఇటు ఇరవై అడుగుల ఎడంతో రెండెకరాల్లో 215 చీనీ మొక్కలు పెట్టాను. మొదటి మూడేళ్ళు సాళ్ళ మధ్య వేరుశనగ వేసుకున్నాం. ఇంటిల్లిపాదీ పార పట్టుకుని పాదులు శుభ్రం చేసుకునేవాళ్ళం. చెట్లు పెద్దవయ్యాక కూలీలు దొరకడం కష్టమైంది. మన చీనీ పాదుల్లో గడ్డి పెరిగేదీ, ఊరంతా వేరుశనగలో కలుపు తీసేదీ ఒకే కాలం కదా. నేను సులువైన దారి చూసుకున్నాను. వాన పడిన ప్రతిసారీ రోటవేటరు పెట్టి మొదలు దాకా దున్నించాను. తోట అద్దంలాగా ఉంటే దారిన పోయేవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నాకూ గొప్పగానే ఉండేది.

ఆరో ఏడు కొమ్మల చివర్లు ఎండడం మొదలైంది. ఆకు పసుపుబారింది. కొన్ని చెట్ల మొదళ్ళలో బంక కారింది. రెండేళ్ళలో 31 చెట్లు పోయాయి. ఎండిన చెట్టును పెకలించి చూస్తే పైవేర్లన్నీ తెగి, తెగిన చోట నల్లబడి కుళ్ళి ఉన్నాయి. చీనీ చెట్టుకు తిండి తెచ్చే సన్నవేర్లు ఎక్కువ భాగం పైన అడుగు, అడుగున్నర లోతులోనే ఉంటాయి. నేను దున్నింది గడ్డిని అనుకున్నాను. నిజానికి చెట్టు నోటిని దున్నించాను. తెగిన వేరులోకి కుళ్ళు తెగులు సులువుగా దూరుతుంది. పాదులో నీళ్ళు నిలిస్తే ఇంకా తొందరగా పాకుతుంది.

ట్రాక్టరు మానేశాక ఇంకో తప్పు చేశాను. మందుల అంగట్లో అడిగితే కలుపు మందు డబ్బా చేతిలో పెట్టారు. చెట్టుకేం కాదన్నారు. గాలి ఉన్న పూట కొట్టించాను. కింది కొమ్మల మీద తుంపర పడిన చోటల్లా కొత్త ఆకు సూదుల్లాగా సన్నగా వచ్చింది. మందు కొట్టిన కూలి తమ్ముడికి సాయంత్రానికి కళ్ళు మంటలు, వాంతులు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూతికి గుడ్డ, చేతికి తొడుగు కూడా ఇవ్వకుండా పంపింది నేనే.

ఆ మందు గ్లైఫోసేట్. క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నవాటిలో ఒకటిగా దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో లెక్కించింది. మన దేశంలో దాన్ని అనుమతించింది తేయాకు తోటలకు, పంటలేని భూములకే. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం, లైసెన్సున్న పురుగు నివారణ సిబ్బంది తప్ప వేరెవరూ దాన్ని వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఇవేవీ నాకు డబ్బా కొన్ననాడు ఎవరూ చెప్పలేదు. దాని బదులు పారాక్వాట్ తెచ్చుకుంటామని కొందరంటారు. పారాక్వాట్ ఒంట్లోకి పోతే విరుగుడు మందు లేదు. అట్లాంటి డబ్బాను ఇంట్లో, పిల్లలు తిరిగేచోట పెట్టుకోవద్దు.

పొట్టు చూపించిన దారి

ఒక వేసవిలో బోరు ఎండింది. ట్యాంకరు నీళ్ళు కొని పోస్తున్నాం. పోసిన మూడో రోజుకే పాదు పెంకులాగా గట్టిపడిపోతోంది. మా కళ్ళం పక్కన నాలుగు చెట్లు మాత్రం పచ్చగా ఉన్నాయి. మా ఇంటామె పోయి చూసి నన్ను పిలిచింది. వేరుశనగ కాయలు కొట్టించినప్పుడు గాలికి కొట్టుకొచ్చిన పొట్టు ఆ పాదుల్లో జానెడు మందాన పడి ఉంది. చేత్తో పక్కకు తీస్తే కింద చల్లగా, తేమగా ఉంది. తెల్లటి సన్నవేర్లు పైదాకా వచ్చి ఉన్నాయి. గడ్డి అక్కడొకటి, ఇక్కడొకటి. "కొన్న నీళ్ళన్నీ ఎండకే పోస్తా ఉండామే" అని ఆమె అన్న మాట నేను మరిచిపోలేదు.

అప్పటి నుంచి పాదును ఖాళీగా ఉంచలేదు. పుస్తకాల్లో దీన్ని మల్చింగ్ అంటారు, ఆచ్ఛాదన అంటారు. ప్రకృతి సేద్యం చేసేవాళ్ళకు ఇది తెలిసిందే. చాలా రకాల గడ్డి విత్తనం మొలవాలంటే దానికి వెలుతురు కావాలి. కప్పితే చాలా వరకు మొలవదు. మొలిచినా వేరు పైపైనే ఉంటుంది కాబట్టి రెండు వేళ్ళతో వస్తుంది. ఎండ నేరుగా తగలదు కాబట్టి నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. వాన చినుకు నేలను కొట్టదు కాబట్టి అట్టగట్టదు.

చేయాల్సిన వరస

ఒకటి. ముందు గడ్డి తీయాలి, తర్వాత కప్పాలి. నేల తడిగా ఉన్నప్పుడు చేత్తోనో, పైపైన పారతోనో తీయండి. రెండంగుళాలకు మించి లోతు పోవద్దు. తుంగ, గరిక ఉన్న పాదులో మాత్రం తొందరపడొద్దు. తుంగ గడ్డల నుంచి, గరిక కణుపుల నుంచి వస్తుంది. ఎంత పొట్టు వేసినా పొడుచుకుని వస్తాయి. ఆ రెండింటినీ గడ్డలతో, కణుపులతో సహా ఏరి గట్టు మీద ఎండబెట్టాలి. నాకు తుంగ తగ్గడానికి రెండేళ్ళు పట్టింది. వయ్యారిభామను పూత రాకముందే పీకి అదే పాదులో పరచొచ్చు. పూతకు వచ్చిందాన్ని వేయొద్దు. దాన్ని పీకేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి, దురదలు వస్తాయి.

రెండు. తడి మీదే కప్పాలి. ఎండిన నేలను కప్పితే చిన్న వాన పొట్టులోనే ఇంకిపోయి వేరుకు అందదు. సెప్టెంబరు, అక్టోబరు వానలు బాగా నానిన తర్వాత మనకు మంచి అదను.

మూడు. ఎక్కడ కప్పాలి? మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ ఎంత మేర పడుతుందో అంత మేర. తిండి వేర్లు ఎక్కువగా ఆ నీడ అంచుల దగ్గరే ఉంటాయి. మొదలు చుట్టూ మాత్రం మూరెడు ఖాళీ వదలాలి. ఇది చాలా ముఖ్యం. మొదలుకు చెత్త ఆనితే తేమ నిలిచి బంక తెగులు వస్తుంది, చెదలు పడతాయి. అంటు కట్టిన చోటు ఎప్పుడూ మట్టికీ చెత్తకూ పైనే ఉండాలి. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు పది లీటర్ల లెక్కన బోర్డో పేస్టు చేసి మొదలుకు రెండడుగుల ఎత్తు దాకా పూస్తే ఇంకా మంచిది.

నాలుగు. ఎంత మందం? నాలుగంగుళాలు. వేరుశనగ పొట్టయితే నాకు చెట్టుకు నాలుగు గోతాలు పట్టింది. పొట్టు దొరక్కపోతే ఆముదం పొట్టు, కంది పొట్టు, రాలిన ఆకు, కోసిన గడ్డి ఏదైనా సరే. వేసేముందు పాదులో ఒక గంప పశువుల ఎరువు చల్లండి. ఎండు పొట్టు మురగడానికి నేలలోని నత్రజని కొంత వాడుకుంటుంది, ఎరువు ఆ లోటు తీరుస్తుంది. పొట్టును మట్టిలో కలిపి తిప్పొద్దు, పైన పరచి వదిలేయండి.

ఐదు. కప్పడానికి కావాల్సింది తోటలోనే పండించుకోవాలి. సాళ్ళ మధ్య జనుము, అలసంద, పిల్లిపెసర చల్లి, పూత దశలో కోసి పాదుల్లోకి వేయండి. సాళ్ళలో మొలిచిన మామూలు గడ్డిని కూడా గింజ పట్టకముందే కొడవలితో కోసి పరచండి. గడ్డిని పెకలించకుండా కోస్తే దాని వేరు నేలను పట్టి ఉంచుతుంది, కోసింది పాదుకు కప్పు అవుతుంది.

జాగ్రత్తలు

చీనీకి పూత కోసం నీళ్ళు ఆపి చెట్టును వాడబెడతాం కదా. కప్పు ఉంటే నేల తొందరగా ఆరదు. నేను మొదటి ఏడాది ఇది తెలియక ఆదమరిచాను, పూత విడతలు విడతలుగా వచ్చింది. నీళ్ళు ఆపే రోజున కప్పును పాదు అంచుకు లాగండి. మళ్ళీ తడి ఇచ్చినప్పుడు సర్దండి. బరువు నేలల్లో ఇది మరీ అవసరం.

డ్రిప్పు పైపులు కప్పు కింద ఉంటే ఎలుకలు కొరుకుతాయి. నెలకోసారి ఎత్తి చూసుకోండి. వేసవిలో తోటలో బీడీ ముట్టించొద్దు, గట్ల మీద నిప్పు పెట్టొద్దు. చెత్త కింద తేళ్ళు, పాములు చేరొచ్చు. చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించమని పనికొచ్చిన ఆడవాళ్ళకు చెప్పండి.

ఫలితం సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. మొదటి ఏడాది కాయలో తేడా ఏమీ కనబడలేదు. కానీ ఏడాదికి ఐదారుసార్లు తీయించే కలుపు రెండుసార్లకు వచ్చింది. వేసవిలో నాలుగు రోజులకు ఇచ్చే తడి వారానికి సరిపోయింది. ఆ తర్వాత వేరుకుళ్ళుతో పోయిన చెట్లు రెండే.

మనం అడగాల్సింది

"నాలుగు గోతాలు లెక్కన రెండెకరాలకు పొట్టు ఎక్కడి నుంచి తేవాలి? ఇటుక బట్టీలకు, బాయిలర్లకు పోతోంది కదా" అని వెనక కూర్చున్న అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మన చేలో పండినదాన్ని కాల్చడానికి అమ్మి, మన చెట్లను ఎండబెట్టుకుంటున్నాం. నేను ఒకేసారి వేయలేదు. ఏడాదికి యాభై చెట్ల చొప్పున నాలుగేళ్ళలో పూర్తి చేశాను. ఏటా పై పొర కొంచెం చేరుస్తున్నాను.

కానీ ఇది ఒక్కో రైతు తెలివితో తీరేది కాదు. ప్లాస్టిక్ షీటు పరిస్తే ఖర్చులో సగం దాకా రాయితీ ఇచ్చే పథకం ఉంది. షీటు కలుపును ఆపుతుంది, కాదనను. కానీ రెండు మూడేళ్ళకు చిరిగి ముక్కలై మట్టిలో కలుస్తుంది. ఏరి కాల్చేవాళ్ళను చూస్తున్నాం. అదే పొట్టు వేసుకుంటాను, జనుము విత్తనం కొంటాను అని నేను అడిగిన చోట రూపాయి రాలేదు. మట్టిలో కలిసి ఎరువయ్యేదానికి సాయం ఎందుకు ఇవ్వరు? ఇది మన మొదటి డిమాండు.

రెండోది కూలీ అక్కచెల్లెళ్ళ సంగతి. కలుపు తగ్గితే వాళ్ళ పని తగ్గదా అని మా ఊళ్ళో ఒక అక్క సూటిగా అడిగింది. కలుపు మందు డబ్బా వచ్చినప్పుడు వాళ్ళ పని మొత్తం పోయింది, అప్పుడు మనమెవరమూ అడగలేదు. పచ్చిరొట్ట కోయడం, పొట్టు మోయడం, పరచడం కూడా పనే. నడుం వంచి రోజంతా పీకే పని కన్నా నయం. ఉపాధి హామీ కింద చిన్న, సన్నకారు రైతుల పొలాల్లో గుంతలు తీసి పండ్ల మొక్కలు పెట్టించారు. పాదులు కప్పే పనిని కూడా ఉపాధి పనిగా లెక్కించమని అడుగుదాం. రైతుకూ కూలీకీ ఇద్దరికీ మేలు.

మూడోది కౌలు రైతు. వచ్చే ఏడాది తోట తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు నాలుగేళ్ళకు ఫలితమిచ్చే పని ఎందుకు చేస్తాడు? మందు కొట్టి కాయ కోసుకుపోతాడు. తప్పు అతనిది కాదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టడం లేదు. తోట కౌలుకిచ్చేవాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు. ముందు మన సభ్యులు ఆ సంతకం పెట్టి, కనీసం ఐదేళ్ళకు రాసిద్దాం. ఆ తర్వాత ప్రభుత్వాన్ని అడుగుదాం.

చివరగా ఒక చిన్న పని పెట్టుకుందాం. నా మాట నమ్మొద్దు. ఈ వానలు నానగానే ప్రతి ఒక్కరూ పది చెట్లకు పాదులు కప్పండి, పక్క వరసలో పది చెట్లు మామూలుగా వదిలేయండి. రెండింటికీ ఎన్ని తడులు పెట్టారు, ఎన్నిసార్లు కలుపు తీశారు, ఎంత కూలి ఇచ్చారు అనేది పిల్లల నోటుబుక్కులో రాసిపెట్టండి. ఎండాకాలం చివర మళ్ళీ కూర్చుందాం. ఆ నోటుబుక్కులన్నీ పట్టుకుని ఉద్యాన శాఖ ఆఫీసుకు పోదాం. మన లెక్క మన చేతిలో ఉంటే, రాయితీ ఎందుకివ్వరని గట్టిగా అడగొచ్చు.