పాత కారు వీల్ బేరింగులు
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా అటువంటి పాత బండి ఉన్నవాళ్ళం దాన్ని అంత తేలిగ్గా వదులుకోము. అమ్మితే వచ్చేది తక్కువ, అక్కరకు వచ్చేది ఎక్కువ. ఇంజనాయిలు, బ్యాటరీ అందరం చూసుకుంటాం. వీల్ బేరింగు మాత్రం చక్రం ఊగేదాకా గుర్తుకు రాదు. మనవలను ఎక్కించుకుని సింహాచలం కొండకో, అనంతగిరి ఘాటు మీదుగా అరకుకో వెళ్ళేటప్పుడు మలుపులో బేరింగు పట్టేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

మొదటి గుర్తు శబ్దం. బండి వేగం అందుకున్నాక గుయ్యిమనే రొద మొదలై, వేగంతోపాటు పెరుగుతుంది. న్యూట్రల్‌లో వేసినా పోదు. టైరు రొదైతే సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు మీదికి రాగానే మారుతుంది. బేరింగు రొద అంతగా మారదు. కుడివైపు మలుపులో ఎక్కువైతే ముందుగా ఎడమ చక్రాన్ని అనుమానించాలి. బరువు అటు పడుతుంది గనుక.

ఇక్కడే మనకొక చిక్కుంది. రోలింగ్ మిల్లుల్లో, రేవు క్రేన్ల పక్కన ఏళ్ళ తరబడి పనిచేసిన చెవులు మనవి. ఆ రొద మనకంటే ముందు పక్కసీట్లో ఆవిడకే వినిపిస్తుంది. "ఏదో మోగుతోందండీ" అంటే విసుక్కోకండి.

చెవిని నమ్మలేకపోతే చేతిని నమ్మండి. బండిని చదునైన చోట నిలిపి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాలి. ఒక్క జాకీనే నమ్ముకోవద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కదలిక ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆ కదలిక పోతే బేరింగుదే లోపం. పోకపోతే బాల్ జాయింటో, కింగ్ పిన్నో చూడాలి. తర్వాత చక్రాన్ని మెల్లగా తిప్పుతూ స్ప్రింగు మీద చెయ్యి వెయ్యండి. గరగర చేతికి తెలుస్తుంది.

టేపర్ రోలర్ బేరింగులున్న బళ్ళలో కదలిక కొద్దిగానే ఉండి, గరగర లేకపోతే విప్పి కడిగి చూడాలి. రోలర్లు నున్నగా ఉంటే కొత్త గ్రీజు పెట్టి బిగింపు సరిచేస్తే చాలు. గుంటలు పడినా, నీలంగా కమిలినా బేరింగు మార్చవలసిందే. రోలర్లతో పాటు బయటి రింగునూ మార్చాలి. పాత రింగులో కొత్త రోలర్లు నిలవవు. గ్రీజును రోలర్ల సందుల్లోకి వేలితో ఒత్తి పెట్టాలి. ఆయిల్ సీలు తప్పక కొత్తది వెయ్యాలి. నిలిచిన వాన నీళ్ళలోంచి నడిపిన బండికి తడి ఆ సీలు దారినే లోపలికి పోతుంది. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, కాస్త వెనక్కి వదలాలి. "గట్టిగా ఉంటే మంచిది" అనేవాడి చేతిలో కొత్త బేరింగు కూడా కాలిపోతుంది.

మారుతి 800 ముందు చక్రాల బేరింగులు వేరు. వాటికి ఈ సవరింపు లేదు. ప్రెస్సుతో తీసి, ప్రెస్సుతోనే దించాలి. సుత్తి తీసే మెకానిక్కుకు దండం పెట్టి, గాజువాక ఆటోనగర్‌లో ప్రెస్సు ఉన్న షాపు చూసుకోండి. పాత బేరింగు మీద చెక్కిన నంబరు రాసుకుని, దాన్ని చేతపట్టుకునే కొనడానికి వెళ్ళండి. అట్ట పెట్టె చూసి మోసపోవద్దు. బేరింగుల్లో నకిలీలు ఎక్కువ.

పని అయ్యాక ఓ పది కిలోమీటర్లు నడిపి, రెండువైపులా హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒకవైపే సెగ కొడితే బిగింపు ఎక్కువైందో, బ్రేకు పట్టిందో! అలాగే అరకు బయలుదేరకండి.

కమిలిన బేరింగు ఒకటి తెచ్చాను. టీ తాగాక బల్ల దగ్గరికి వస్తే చూపిస్తాను.