మూడు డ్రాసెరాలు, మూడు ఆనవాళ్లు

పురుగుల్ని పట్టి తినే డ్రాసెరా మొక్కలు మన దేశంలో ప్రధానంగా మూడు రకాలు. నత్రజని కొరవడిన తడి నేలల్లో పెరుగుతాయి. మూడింటి ఆకుల మీదా ఎర్రని నూగు, ఆ నూగు కొసల్లో మెరిసే జిగురు బొట్లు. అందుకే చూడగానే అన్నీ ఒకటే అనిపిస్తాయి.

రంగును నమ్మకండి. ఎండ బాగా తగిలితే పచ్చని మొక్కా ఎర్రబడుతుంది. ముందు కాండం చూడండి. కాండం కనిపించకుండా, ఆకులు నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటే అది డ్రాసెరా బర్మాని. ఆకు మొదలు సన్నం, కొస వెడల్పు. దాని అంచున ఉండే పొడవాటి నూగు, పురుగు తగిలిన కొన్ని క్షణాల్లోనే లోపలికి వంగుతుంది.

కాండం లేచి, ఆకులు దారాల్లా సన్నగా, పొడవుగా ఉంటే డ్రాసెరా ఇండికా. ఈ రెండూ మన తెలుగు నేల మీద ఉన్నాయి.

కాండం ఉండి, ఆకు అర్ధచంద్రాకారంలో ఉంటే డ్రాసెరా పెల్టాటా. దాని తొడిమ ఆకు అంచున కాక, వీపు మీద అతుక్కుని ఉంటుంది. నీలగిరుల వంటి చల్లని కొండల్లో కనిపిస్తుంది. ఎండలు ముదిరితే పైభాగం ఎండిపోయినా, నేలలోని దుంప బతికే ఉంటుంది.

ఈ మొక్కలు కనిపిస్తే పీకి ఇంటికి తేకండి. అక్కడే వంగి చూసి పోల్చుకోండి. ఆ చిత్తడి నేల చెడకుండా ఉంటేనే అవి బతుకుతాయి.