తేనెటీగ తెచ్చే కబురు

మన బెల్లంపల్లి చుట్టుపక్కల అడవుల్లో ఎత్తయిన కొమ్మలకు వ్రేలాడే పెద్ద తేనెపట్టులను మీరు చూసే ఉంటారు. పూలు కనుగొన్న ఈగ పట్టుకు తిరిగివచ్చి, ఒళ్లు ఊపుతూ నాట్యమాడుతుంది. నిట్టనిలువుగా పైకి సాగితే సూర్యుని దిక్కుకు వెళ్లమని, ఎక్కువసేపు ఊగితే చాలా దూరమని అర్థం. ఈ నాట్యభాషను విప్పిచెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

రాణి ఈగ ఆజ్ఞ లేకుండానే అది తన వారికి కబురు చెబుతుంది. సహోదరులారా, సంఘములో మన పక్కన కూర్చున్నవాడు పని లేక తిరుగుతుంటే, పని దొరికే చోటు తెలిసి కూడా ఊరకుండుట ప్రేమ కాదు. ఈ రోజే వెళ్లి చెబుదాము. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.