కొత్త పీసీ బిల్డ్ చేస్తున్నారా? ముందు ఈ రెండు పెన్‌డ్రైవ్‌లు రెడీ చేసుకోండి

కొత్త పీసీ కోసం నెలల తరబడి డబ్బులు దాచుకుంటాం, పార్టులన్నీ ఏరి ఏరి కొంటాం. పెన్‌డ్రైవ్ సంగతి మాత్రం ఆఖరి నిమిషం దాకా గుర్తుండదు. నా మొదటి బిల్డ్‌లో అదే జరిగింది. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, విండోస్ 11 సెటప్ కూడా మొదలైంది. మధ్యలో ఇంటర్నెట్ కనెక్ట్ చెయ్యమని అడిగింది. చూస్తే వైఫై లిస్ట్ ఖాళీ! వైఫై రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది నా పని.

అందుకే పార్టులు బిగించకముందే రెండు పెన్‌డ్రైవ్‌లు రెడీగా పెట్టుకోండి.

మొదటిది విండోస్ కోసం. కనీసం 8 జీబీ ఉండాలి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో మీడియా క్రియేషన్ టూల్ ఫ్రీగా దొరుకుతుంది. అది ఫోన్‌లో పనిచెయ్యదు, విండోస్ ఉన్న కంప్యూటర్ కావాలి. ఫ్రెండ్ ల్యాప్‌టాప్ కాసేపు అడిగి తీసుకోండి. ఐఎస్ఓ ఫైల్‌ని ఊరికే కాపీ పేస్ట్ చేస్తే బూట్ అవ్వదు. ఇంకో ముఖ్యమైన మాట: ఈ టూల్ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. అక్క పెళ్లి ఫోటోలు అందులోనే ఉంటే ముందు వేరేచోట దాచుకోండి.

రెండోది డ్రైవర్ల కోసం. చిన్న పెన్‌డ్రైవ్ చాలు, ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యండి. మీ మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో సపోర్ట్ పేజీకి వెళ్లి వైఫై, ల్యాన్, చిప్‌సెట్ డ్రైవర్లు దించుకోండి. మోడల్ పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి, ఎందుకంటే ఒకే పేరుతో వైఫై ఉన్న బోర్డు, లేని బోర్డు రెండూ ఉంటాయి. జిప్ ఫైల్ అయితే ఎక్స్‌ట్రాక్ట్ చేసి పెట్టండి. లేటెస్ట్ బయోస్ ఫైల్ కూడా ఇందులోనే వేసుకోండి. బోర్డు పాత స్టాక్, ప్రాసెసర్ కొత్తది అయితే డిస్‌ప్లే రాకపోవచ్చు. అప్పుడు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుల్లో ఈ ఫైలే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది. ఫైల్‌కి ఏ పేరు పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఒకసారి చూడండి.

పీసీ ఆన్ చెయ్యగానే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. ఆసుస్ బోర్డుల్లో సాధారణంగా ఎఫ్8, ఎంఎస్ఐలో ఎఫ్11, గిగాబైట్‌లో ఎఫ్12. అందులో మొదటి పెన్‌డ్రైవ్ సెలెక్ట్ చేస్తే సెటప్ మొదలవుతుంది.

ఇన్ని చేసినా నెట్ రాలేదా? కంగారు పడకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో పీసీకి పెట్టి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. చాలాసార్లు వెంటనే కనెక్ట్ అయిపోతుంది. ఆరోజు నన్ను కాపాడింది కూడా నా పాత ఫోనే!

మీ బిల్డ్‌లో ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం, బై!