డిజైను సైజు మారినా కుట్టు చెడకూడదు

 

సంస్కృతి అనగానే పాటలు, తీజ్ పండుగ గుర్తొస్తాయి. ఈ రోజు మేము ఎంబ్రాయిడరీ మిషన్ గురించి చెబుతాం. ఫేటియా మీద, కాంచళి మీద, టుక్రి మీద మన యాడీలు చేత్తో కుట్టిన పనే ఇప్పుడు మిషన్ మీదికి వస్తోంది. హాస్టల్లో చదువుకొని వెళ్లిన ఆడపిల్లలు కొందరు ఈ పనితో ఇల్లు గడుపుకుంటున్నారు. వాళ్లు మమ్మల్ని తరచుగా అడిగేది ఒకటే: "మేడమ్, డిజైను పెద్దది, ఫ్రేము చిన్నది. తగ్గిస్తే దారం తెగుతోంది, బట్ట ముడుచుకుపోతోంది. ఏం చేయాలి?"

ముందు ఫైలు సంగతి తెలుసుకోవాలి. మిషన్‌లో వేసే డీఎస్‌టీ ఫైలులో బొమ్మ ఉండదు. సూది ఎక్కడెక్కడ దిగాలో ఆ చుక్కల వరుస మాత్రమే ఉంటుంది. సైజు తగ్గిస్తే చుక్కలు దగ్గరికి జరుగుతాయి గాని వాటి లెక్క తగ్గదు.

లెక్క చూద్దాం. డిజైనులో 10,000 కుట్లు ఉన్నాయనుకోండి. పొడవు, వెడల్పు రెండూ 80 శాతానికి తగ్గిస్తే స్థలం 64 శాతమే మిగులుతుంది. అదే 10,000 కుట్లు అందులో ఇరుక్కోవాలి. అంటే అంతే జాగాలో సూదిపోట్లు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతాయి. శాటిన్ కుట్టులో వరుసకు, వరుసకు మధ్య మామూలుగా 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. సగానికి తగ్గిస్తే అది 0.2 అవుతుంది. బట్ట అట్టలా బిగుసుకుంటుంది, సూది విరుగుతుంది. ఒకటిన్నర రెట్లు పెంచితే 0.6 అవుతుంది. అప్పుడు దారాల సందుల్లోంచి కింది బట్ట కనిపిస్తుంది.

అందుకే మిషన్ మీద నేరుగా మార్చాలంటే 10 శాతం లోపే మార్చండి. అంతకు మించితే కుట్లను మళ్లీ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ కావాలి. ఇంక్‌స్కేప్‌తో పనిచేసే ఇంక్‌స్టిచ్ ఉచితంగానే దొరుకుతుంది. బొమ్మను అందులో గీసుకొని పెట్టుకుంటే, ఏ సైజుకు మార్చినా కుట్లను కొత్తగా వేస్తుంది. సైజు మార్చాక కుట్ల సంఖ్య చూడండి. తగ్గించినా సంఖ్య కదలలేదంటే కుట్లు కుదించుకుపోయాయని అర్థం.

తగ్గించినప్పుడు 1 మిల్లీమీటరు కన్నా సన్నబడిన శాటిన్ గీతను మామూలు రన్నింగ్ కుట్టుగా మార్చండి. పెంచినప్పుడు 7, 8 మిల్లీమీటర్లు దాటిన శాటిన్‌ను ఫిల్ కుట్టు చేయండి. లేకపోతే దారం వదులై గాజులకు తగులుకుంటుంది.

మన పనిలో ఇంకో చిక్కు ఉంది. డిజైను చిన్నదైనా అద్దం చిన్నది కాదు. 10 మిల్లీమీటర్ల అద్దానికి వదిలిన ఖాళీ 80 శాతానికి తగ్గితే 8 అవుతుంది. సూది అద్దం మీద పడుతుంది. కాబట్టి అద్దాల చోటును అలాగే ఉంచి, చుట్టూ ఉన్న పువ్వులను తగ్గించండి. అవసరమైతే ఐదు అద్దాల వరుసను నాలుగు చేయండి. మన యాడీలూ అంతే. చిన్న రవికకు గళ్లు తగ్గించేవారు గాని కుట్టును నలిపేవారు కాదు.

ఆఖరిమాట. గిరాకీ ఇచ్చిన బట్ట మీద మొదటి కుట్టు వేయకండి. అదే రకం ముక్క బట్టకు కింద పేపర్ పెట్టి ఒకసారి కుట్టి చూడండి. పాడైన పట్టు రవిక డబ్బు కట్టడం కన్నా పావుగంట పోవడం మేలు.

మిషన్ పనిని చేతిపని అని మాత్రం అమ్మకండి. కర్ణాటకలో సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాల సమయంలో అక్కడి మహిళల చేతిపనితో 1,755 వస్తువులు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ విలువ చేతిదే. మిషన్ పనికి దాని ధర దానిది. రెండూ నేర్చుకోండి, ఏది ఏదో చెప్పి అమ్మండి. మీ మాట మీద నమ్మకం కుదిరితే గిరాకీ తండా దాకా వెతుక్కుంటూ వస్తుంది.